నేను రాసిన సమ్మతి పత్రం

అంతర్జాతీయ న్యాయంలో డాక్టరేట్ చేసి, కొన్నేళ్లు యూనివర్సిటీలో పాఠాలు చెప్పి, తొంభైల మొదట్లో మస్కట్ చేరాను. అక్కడ అజైబా అనే పేటలో ఒక లాయర్ల ఆఫీసులో ఉద్యోగం. పగలంతా కంపెనీలకు కాగితాలు రాసిపెట్టేవాణ్ణి, సాయంత్రం ఇంట్లో కూర్చుని వలస కార్మికుల హక్కుల మీద వ్యాసాలు రాసేవాణ్ణి. తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే రోత పుడుతుంది.

ఒక శుక్రవారం ఉదయం రుస్తాఖ్ అనే ఊరి నుంచి ఒకతను, తెలుగు లాయరున్నాడని విని, వెతుక్కుంటూ మా ఇంటికి వచ్చాడు. కరీంనగర్ వైపు మనిషి, తాపీ పని. భార్యకు కాన్పు కష్టమై ప్రాణం మీదికి వచ్చిందని టెలిగ్రాం అందిందట. టికెట్ దొరికింది. కంపెనీ మాత్రం సైట్ పూర్తయ్యేదాకా పాస్‌పోర్టు ఇవ్వనంది. గట్టిగా అడిగితే ఒక కాగితం నకలు చేతిలో పెట్టి పొమ్మన్నారు.

మడత విప్పగానే పోల్చుకున్నాను. అది నేను రాసిందే. పాస్‌పోర్టులు దగ్గర పెట్టుకుంటే చిక్కులొస్తాయా అని ఆ కంపెనీవాళ్లు అడిగినప్పుడు, కార్మికుడే కోరి దాచమన్నట్టు రాయించుకుంటే సరిపోతుందని ఉపాయం చెప్పిన ఘనుణ్ణి నేనే. ‘ఎవరి ఒత్తిడీ లేకుండా, మనస్ఫూర్తిగా’ అన్న మాట కుదిరినందుకు ఆవేళ మురిసిపోయాను కూడా. దాని కింద ఇతని వేలిముద్ర. విమానం దిగిన రోజే ఒక కట్ట కాగితాల మీద వరసగా వేయించారట. ఏది ఏమిటో ఎవరూ చెప్పలేదు.

చదివి చెప్పమన్నాడు. చెప్పాను. గొంతు తడబడలేదు, ఛీ, అదే నాకు మరీ అసహ్యం.

అంతా విని అతనన్నాడు: “గింత మంచిగ రాసిండంటే బాగ సదువుకున్నోడే అయితడు సారు. ఆయన మీకు ఎర్కుంటే జర చెప్పున్రి, నేను గట్ల ఇయ్యలేదని.”

చెబుతానన్నాను. ఆ రాసినవాణ్ణి నేనేనని మాత్రం చెప్పలేదు. టీ ఇచ్చి పంపించాను.

శనివారం ఆఫీసుకు వెళ్లగానే మా పెద్ద లాయరు దగ్గర సంగతి ఎత్తాను. ఆ కాగితంలో లోపం ఎక్కడుందో చూపించమన్నాడు ఆయన. లేదన్నాను. అంతటితో ఊరుకున్నాను. ఉద్యోగం పోతుందన్న భయం తప్ప మరో కారణం లేదు.

సైట్ పూర్తయ్యాక పాస్‌పోర్టు ఇచ్చారు. అప్పటికి ఊళ్లో ఆమె దినాలు కూడా అయిపోయాయి. అతను వెళ్తూ వెళ్తూ నాకు ఎవరితోనో కబురు పంపాడు. తన మాట ఆ రాసినాయనకు చెప్పినందుకు సారుకు దండాలట.