పదిహేను కుర్చీలు

సూళ్లూరుపేటలో యువతకు రేడియో కార్యక్రమాలు చేయడం నేర్పే శిక్షణ ఒకటి నడిపాను. పదిహేను మంది వస్తారనుకుంటే, ప్రతి శనివారం తప్పకుండా వచ్చింది ఒక్క అమ్మాయే. సరస్సు ఒడ్డున ఉన్న పల్లెలో పొద్దున్నే రొయ్యలు వలిచి, చేతులకు నిమ్మచెక్క రుద్దుకుని, షేర్ ఆటోలో వచ్చేది. రాగానే హాల్లో పదిహేను ప్లాస్టిక్ కుర్చీలూ వేసి, చున్నీతో ఒక్కొక్కటీ తుడిచేది.

"ఉన్నది నువ్వొక్కదానివే, అన్నెందుకమ్మా?" అని విసుక్కునేదాన్ని.

"వస్తార్లే అక్కా" అనేది. మైకు పట్టుకుని, ఆ ఖాళీ కుర్చీల వైపే తిరిగి, ఆ రోజు సరస్సు మీద గాలి ఎటుందో చదివేది.

ఒక శనివారం మా పై ఆఫీసు నుంచి తనిఖీకి వస్తున్నారన్నారు. పక్క వీధి కుట్టు సెంటరులో ఆడపిల్లల్ని బతిమాలి తెచ్చి, కుర్చీలన్నీ నింపేశాను. ఆ అమ్మాయి వచ్చేసరికి ఒక్కటీ మిగల్లేదు. ఎవరినీ లేవమనకుండా గోడకు ఆనుకుని నిలబడింది. ముఖం వెలిగిపోతోంది.

"చూసినావా అక్కా, వస్తారని నేను చెప్పలా!" అంది నా చెవిలో.

వచ్చినాయన కుర్చీల్లోవాళ్లను ఫోటో తీసుకున్నాడు. అందులో ఆమె లేదు. నేను ఆయనకు నిజం చెప్పలేదు. ఆమెకూ చెప్పలేదు.

తర్వాతి శనివారం మళ్లీ మేమిద్దరమే. ఆమె ఇంటి నుంచి ఒక ముక్కాలి పీట మోసుకొచ్చింది.

"మొన్న చాలకపోయె గదా అక్కా. ఇది నాకు."

పదిహేను కుర్చీలూ తుడిచి, వాళ్లకు వదిలేసి, చివర ఆ పీట మీద కూర్చుంది.