మూత మూయని నూమా జాకో

నూమా జాకోకి ఒకటే జబ్బు. దేన్నీ ఒక్కసారి చూసి వదిలిపెట్టలేడు.

"ఇంకోసారి చూద్దాం" అన్నది అతని ఊతపదం. రొట్టెల కొట్లో తూకం వేయించాక ఇంకోసారి వేయించేవాడు. స్టేషన్లో టికెట్టు కొన్నాక అది ఏ ఊరికో ఇంకోసారి చదివేవాడు. ఈలోగా రైలు వెళ్ళిపోతే, నిజంగా వెళ్ళిపోయిందో లేదో చూడ్డానికి ప్లాట్‌ఫారం చివరిదాకా నడిచి వచ్చేవాడు. అతని తమ్ముడి పెళ్ళిలో పాస్టరుగారు "ఈ పెళ్ళికి ఎవరికైనా అభ్యంతరమా?" అని అడిగితే చర్చి అంతా నిశ్శబ్దం. వెనక వరసలోంచి నూమా, "ఇంకోసారి అడగండి, ఇక్కడిదాకా వినపడలేదు" అన్నాడు. ఆ మరదలు ఈరోజుకీ అతనికి కాఫీ ఇవ్వదు.

లె ఫ్రేన్ చిన్న ఊరు, ఇవన్నీ నవ్వుకుని భరించింది. భరించలేనిది ఆ ఊరి గడియారాల ఫ్యాక్టరీలో మేం నలభైమందిమి.

నూమా పని చాలా చిన్నది. మేం తయారుచేసిన గడియారానికి వెనక మూత బిగించడం. బిగించేముందు ఒక చూపు చూడమన్నారు, అంతే. అతను దానితో కాపురం పెట్టేవాడు. జేబులోంచి ఎర్రపిడి మడతకత్తి తీసి, బిగించిన మూత మళ్ళీ విప్పేవాడు. పొద్దున జున్ను కోసిన కత్తీ అదే.

"ఏమయ్యా నూమా, సాయంత్రానికైనా మూత పడుతుందా?" అని అరిచేదాన్ని.

"ఇంకోసారి చూసి చెబుతా, లూసెట్" అనేవాడు తల ఎత్తకుండా.

అందరికన్నా గట్టిగా అరిచేది నేనే. నా పని స్ప్రింగు కూర్చడం. గడియారం గుండెలో వెంట్రుకకన్నా సన్నటి స్ప్రింగొకటి చుట్టలు చుట్టుకుని ఉంటుంది. దాని చివరి వంపు కుదిరితే గడియారం బుద్ధిగా నడుస్తుంది. పిసరంత తేడా వచ్చిందా, రోజుకి అరనిమిషం పారిపోతుంది. ఆ వంపు చేతిరాతలాంటిది, ఎవరిది వాళ్ళదే. మా అమ్మమ్మ మంచు పడే ఆర్నెల్లూ ఆవుల్ని కొట్టంలో కట్టేసి కిటికీ పక్కన కూచుని ఈ పనే చేసేది. తర్వాత మా అమ్మ. తర్వాత ముప్ఫై నాలుగేళ్ళుగా నేను. మూత లోపల గీసే నా నంబరు పదిహేడు. పదిహేడో నంబరు గడియారాన్ని ఇంకోసారి చూడ్డానికి ఇతనెవడు?

డెబ్భై ఆరు జనవరిలో మాకు నవ్వులు ఆగిపోయాయి. సముద్రం అవతలనుంచి బ్యాటరీ గడియారాలు వచ్చిపడ్డాయి. వాటికి స్ప్రింగు లేదు, వంపు లేదు, లూసెట్ అక్కర్లేదు. మా లోయలో ఒక్క ఏడాదిలో నాలుగు ఫ్యాక్టరీలు తలుపులు వేశాయి. మాకు మిగిలింది ఒకే ఒక్క పెద్ద ఆర్డరు. ఏదో దూరదేశపు రైల్వేవాళ్ళకి మూడొందల జేబుగడియారాలు.

యజమాని బెగాన్‌గారు అందర్నీ నిలబెట్టి చెప్పారు. "గురువారం పరీక్షాధికారి వస్తాడు. పన్నెండు గడియారాలు తనకి తోచినవి తీస్తాడు. ఒక్కటి తప్పినా ఆర్డరు పోయినట్టే. ఆర్డరు పోతే ఫ్యాక్టరీ ఉండదు. తప్పిన గడియారం లోపల ఎవరి నంబరు ఉంటే..." వాక్యం పూర్తి చెయ్యలేదు. అందరం ఎవరి నంబరు వాళ్ళు మనసులో తలుచుకున్నాం.

ఆ రోజుల్లో నాకు ఇంకో చికాకు కూడా ఉండేది. యజమాని పొదుపు కోసం తన గదితో సహా అన్నిచోట్లా నాసిరకం బల్బులు పెట్టించాడు, ఎక్కడ చూసినా పొగమంచు పట్టినట్టుండేది. రెండేళ్ళుగా ఫిర్యాదు చేస్తూనే ఉన్నాను. "ఎప్పుడూ ఉన్న బల్బులేనమ్మా, మార్చలేదు" అనేవాడు మేస్త్రీ. అబద్ధాలకోరు అనుకునేదాన్ని.

గురువారం పొద్దున పదింటికి మూడొందల గడియారాలూ ట్రేలలో సిద్ధం. పదింబావుకి రైలు కూత వినబడింది. బెగాన్‌గారు టై సర్దుకుని, "ట్రేలు నా గదిలోకి తీసుకురండి" అన్నారు.

నూమా లేచి రెండు చేతులూ చాపి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. "ఇంకోసారి చూద్దాం."

అందరి నోళ్ళూ ఒకేసారి లేచాయి.

"మతి పోయిందా నీకు? అధికారి రైలు దిగుతున్నాడు!" అన్నాడు మేస్త్రీ.

"మూడు ట్రేలే మిగిలాయి. నలభై నిమిషాలు."

"నాకు నాలుగు నిమిషాలు కూడా లేవు!" అన్నారు బెగాన్‌గారు. ఆయన మెడ ఎర్రబడింది. "జాకో, తప్పుకో. ఇది యజమానిగా చెబుతున్నాను."

"యజమానిగా మీరు పైకెళ్ళి ఆయనకి కాఫీ పొయ్యండి. కాఫీ అయ్యాక సారా పొయ్యండి. సారా అయ్యాక మీ పిల్లల ఫోటోలు చూపించండి."

"నూమా!" నేనూ గొంతు చించుకున్నాను. "నలభైమంది కూడు నీ పిచ్చితో పోగొడతావా? నీ ఒక్కడికేనా కళ్ళున్నది?"

అతను నావైపు చూశాడు. ఏదో అనబోయి మింగేశాడు. మూడు ట్రేలూ, తన పనిముట్లూ తీసుకుని, పక్కనున్న సామాన్ల గదిలోకి పోయి లోపలినుంచి గడియ వేశాడు.

పైన బెగాన్‌గారు నవ్వుతున్న చప్పుడు వినబడుతోంది. ఏడుపుకన్నా భయంగా ఉంది ఆ నవ్వు. కింద మేం తలుపు చుట్టూ నిలబడ్డాం. ఒకామె జపమాల తీసింది. లోపలినుంచి మూతలు విప్పుతున్న చిన్న చిన్న చప్పుళ్ళు, టక్, టక్. తలుపు పగలగొడదామని మేస్త్రీ గొడ్డలి తెచ్చాడు. అప్పుడే గడియ తీసిన శబ్దం. నూమా బయటికొచ్చాడు. ఆ చలిలో అతని చొక్కా తడిసి వీపుకి అంటుకుపోయింది.

"ఇప్పుడు తీసుకెళ్ళండి" అన్నాడు.

ట్రేల వెంట మేమూ పైకెళ్ళాం. పరీక్షాధికారి పేరు ష్టెట్లర్. మా దేశంలో జర్మన్ మాట్లాడే వైపు మనిషి, మొహంలో ఏ కబురూ ఉండదు. తనకి తోచినట్టు పన్నెండు గడియారాలు ఏరి ఒక్కొక్కటే యంత్రం మీద పెట్టాడు. అది గడియారం టిక్కుటిక్కులు విని కాగితం మీద చుక్కలు పొడుస్తుంది. చుక్కలు నిటారుగా పోతే గడియారం మంచిది, పక్కకి ఒరిగితే దాని పని అయిపోయినట్టే.

మొదటిది నిటారు. రెండోది నిటారు. అయిదోది కాస్త ఒరిగినట్టనిపించి బెగాన్‌గారు కుర్చీ పట్టుకున్నారు. ఒరిగింది కాగితమే. పన్నెండోది అయ్యేసరికి గదిలో ఊపిరి తీస్తున్నది యంత్రం ఒక్కటే.

"అన్నీ బాగున్నాయి" అన్నాడు ష్టెట్లర్. అంతటితో ఆగక, ఒక గడియారం ఎత్తి, "ఇంత చక్కటి వంపు నేను చూసి పదేళ్ళయింది. పదిహేడో నంబరెవరు?" అన్నాడు.

అందరూ నన్ను ముందుకి తోశారు. నా కాళ్ళు నేల మీద లేవు. ఆయన భూతద్దం అందించాడు. నేనెప్పుడూ కుడికన్నుకే పెట్టుకుంటాను. ఆ ఇరుకులో ఆయన కుడిపక్క నిలబడ్డాడని ఎడమకన్నుకి పెట్టుకున్నాను.

రెండు సంగతులు ఒకేసారి తెలిశాయి. ఒకటి, బల్బులు బ్రహ్మాండంగా వెలుగుతున్నాయి. రెండు, ఆ వంపు నాది కాదు.

అది నూమా వంపు. ముప్ఫై ఏళ్ళ కిందట, మూతల పనిలోకి మారకముందు, నా పక్కబల్ల మీద అతను వేసిన వంపు. ఎడమచేతివాటం, చివర కొంచెం గుండ్రం.

ష్టెట్లర్‌కి ఏం చెప్పానో గుర్తులేదు. తిన్నగా నూమా బల్ల దగ్గరికెళ్ళాను. పియర్ పండు కోసుకుంటున్నాడు.

"ఎన్నాళ్ళనుంచి?"

దొంగతనంలో దొరికినవాడిలా చూశాడు. "రెండేళ్ళు. నీ కుడికంట్లో పొర కమ్ముతోంది, లూసెట్. చెబుదామని వచ్చాను. ఆరోజే నువ్వు బల్బుల మీద మూడు పేజీల ఫిర్యాదు రాస్తున్నావు. నోరు రాలేదు."

"మరి ఇన్నాళ్ళూ అందరి గడియారాలూ ఎందుకు విప్పావు? అందరిచేతా తిట్లెందుకు తిన్నావు?"

"నీవి మాత్రమే విప్పితే బెగాన్‌కి తెలిసిపోదూ? మర్నాడే నిన్ను ఇంటికి పంపడూ?"

నాకు ఏడుపొచ్చేలా ఉంది. ఆపుకోడానికి అడిగాను. "అయితే ఆ రొట్టెల కొట్టు, రైలు టికెట్టు, ఆ పెళ్ళి, అవన్నీ కూడా నాకోసమే నటించావా?"

"అవా?" అన్నాడు తెల్లబోయి. "అవెందుకు నటిస్తాను? ఆ రొట్టెలవాడు నిజంగానే తక్కువ తూస్తాడు."

ఆ మధ్యాహ్నమే బెగాన్‌గారి దగ్గరికి వెళ్ళి ఉన్నదంతా చెప్పేశాను. పంపిస్తే పంపించనీ అనుకున్నాను. ఆయన, "రెండేళ్ళుగా బల్బులు మార్చమని నన్ను చంపారు. బల్బులు మార్చను. మీరెళ్ళి కన్ను బాగుచేయించుకు రండి. మీ బల్ల ఎక్కడికీ పోదు" అన్నారు.

ఏప్రిల్లో ఆపరేషన్ అయింది. కొత్త కళ్ళజోడుతో పనిలోకి వచ్చిన రోజు నూమా ఎదురొచ్చి, "బాగా కనబడుతోందా?" అని అడిగాడు.

తేరిపార చూశాను. "బ్రహ్మాండంగా కనబడుతోంది. నీ మీసం ఎడమవైపు గోధుమగింజంత పొడుగు."

గబగబా అద్దం దగ్గరికి పోయి కత్తిరించుకొచ్చాడు. "ఇప్పుడు?"

"ఇప్పుడు కుడివైపు పొడుగు."

శనివారానికి మీసమే లేదు. రెండేళ్ళు నన్ను ఏమార్చినవాడికి ఆమాత్రం శిక్ష పడాలిగా! నిజానికి ఆ మీసం మొదట్నించీ రెండువైపులా సమానంగానే ఉంది.