ఆయనేం చేశారో రాయండి

మా ఆఫీసు ఇంగ్లీషు మేడమ్ గారు పోయారు. లింగంపల్లి నుంచి పాత సహోద్యోగి ఫోను చేసి, "మేడం ఇగ లేరు భాయ్. పొద్దుగాల చర్చికి తయారైతున్నరట, గంతే," అన్నాడు.

ఆవిడ గుంటూరు వైపు మనిషి. బడిలో పాఠాలు చెప్పి రిటైరై, కూకట్‌పల్లిలో కూతురింట్లో ఉంటూ మా కంపెనీకి వచ్చేవారు. హైటెక్ సిటీ అప్పుడే లేస్తోంది, చుట్టూ బండరాళ్లూ దుమ్మూ. రెండు వేల సంవత్సరం వస్తే కంప్యూటర్లలో తేదీలు తారుమారవుతాయని లోకమంతా బెంగపడుతున్న రోజులు. ఆ తేదీలు సరిచేయడం మా పని, మా ఇంగ్లీషు సరిచేయడం ఆవిడ పని. ఎంత పెద్ద మేనేజరు రాసిన మెయిలైనా సరే, అతన్ని ఎదురుగా కూర్చోబెట్టి పైకి చదివేవారు. "ఇప్పుడు మీరు రాసినవారు కాదండి, అందుకున్నవారు. వినండి," అనేవారు. మాకు ప్రాణం మీదికి వచ్చేది. మంచినీళ్ల వంకతో లేచి బయటికి వెళ్లిపోయేవాళ్లం.

ఒకసారి మాకు పనిచ్చిన అమెరికా కంపెనీలో గొడవ లేచింది. అక్కడ మాకు రోజూ ఫోనులో సాయం చేసే ఉద్యోగి ఒకాయన ఉండేవాడు. ఆయన మాతో లాలూచీ పడి మా తప్పులు కప్పిపుచ్చుతున్నాడని ఎవరో ఫిర్యాదు చేశారు. ఆయన మీతో ఎలా పనిచేశాడో రాసి పంపమని అక్కడి పైవాళ్లు అడిగారు. ఆయన ఉద్యోగం మా జవాబు మీదే ఉంది. కడప నుంచి వచ్చిన మా టీం లీడరు ఎంతో ప్రేమగా, ఆయనా మేమూ 'హ్యాండ్ ఇన్ గ్లవ్' పనిచేశామని రాశాడు.

మేడమ్ గారు ఆ వాక్యం దగ్గర ఆగిపోయారు.

"చెయ్యీ తొడుగూ మాదిరి ఒకటై పనిచేసినామని మేడం. డిక్షనరీలో కూడా ఉంది," అన్నాడు టీం లీడరు.

"ఉందండి. దగ్గరితనమనే అర్థం. కానీ దొంగా కాపలావాడూ కుమ్మక్కయ్యారని చెప్పడానికి పేపర్లవాళ్లు వాడేదీ ఇదేనండి. అనుమానంలో ఉన్న మనిషి గురించి, అనుమానించేవాళ్లకే ఈ మాట రాస్తారా?"

టీం లీడరు ముఖం పాలిపోయింది. "అయ్యో, ఆయప్ప కొంప ముంచేవాణ్ణే కదా! ఇంగేం రాయాల మేడం?"

"ఇంకో గొప్ప మాట వెతక్కండి. ఆయనేం చేశారో రాయండి."

రాశాం. ఎప్పుడు ఫోను చేసినా తన మేనేజరును పక్కన పెట్టుకునే మాట్లాడేవాడని, మా తప్పులు మొహం మీదే చెప్పేవాడని, ఒకసారి మా పని మొత్తం తిప్పి పంపాడని రాశాం. ఒక్క అలంకారం లేదు. మేడమ్ గారు దాన్ని పైకి చదువుతుంటే, మేమెన్నడూ చూడని ఆ మనిషి మా గదిలోకి వచ్చి నిలబడ్డట్టనిపించింది. మామూలు మాటలు ఇంత పని చేస్తాయని నాకు చూపించింది ఆవిడే. ఆ ఆశ్చర్యం ఇప్పటికీ తీరలేదు.

కొన్నాళ్లకు ఒక సాయంత్రం ఆయనే ఫోను చేశాడు. ఉద్యోగం నిలిచిందట. ఆ జవాబు మేడమ్ గారు దిద్దారని టీం లీడరు చెబితే, ఆవిడతో మాట్లాడాలన్నాడు. మేడమ్ గారు రిసీవరు అందుకుని "హలో" అన్నారు. ఆ తర్వాత ఎంతసేపటికీ ఏమీ అనలేదు. ఏమైందని మేం సైగ చేస్తే, "ఏడుస్తున్నారండి," అని పెదవులతోనే చెప్పి, రిసీవరును రెండు చేతులతో చెవికి ఆనించుకుని, అవతల ఆ ఏడుపు ఆగేదాకా అలాగే నిలబడ్డారు.