గోదావరికి చేరని తర్కం

ఉదయం ఆరింటికి కరీంనగర్‌లో ఆదిలాబాద్ బస్సెక్కాను. అరబీ పాఠాలు చెప్పి రిటైరైన నాకు ముందురోజు అక్కడి మిత్రుడు ఫోన్ చేశాడు. వాళ్ల వీధిలో అందరూ ఖాలా, అంటే పిన్ని, అని పిలిచే హమీదా తన మామగారు దాచుకున్న పాత చేతిరాత పుస్తకాన్ని శుక్రవారం గోదావరిలో వదిలేస్తుందట. చిరిగిన ఖురాన్ పేజీలను అలా గౌరవంగా నీళ్లలో కలపడాన్ని మా ఇళ్లలో ఠండా చేయడం అంటాం. ఇది ఖురాన్ కాదేమోనని మిత్రుడి అనుమానం. నేను బయల్దేరింది గురువారం.

కోరుట్లలో పక్కన కూర్చున్న అవ్వ నా పని ఆరా తీసింది. పాత అరబీ పుస్తకం చదవడానికి అన్నాను.

"మా కొడుకు దుబాయ్‌ల ఉన్నడు. గా చదువుకు ఆడ నౌకరీ దొరుకుతదా?"

దొరకదేమో అన్నాను.

"మరి గింత దూరం ఎందుకు పోతున్నవ్?"

సోన్ వంతెన మీద ఆమె గోదావరిలో రూపాయి బిళ్ల వేసి దండం పెట్టుకుంది. నాకేమో ఆ నీళ్లను చూస్తే గుబులేసింది. నిర్మల్‌లో చాయ్, సమోసాతో సరిపెట్టుకున్నాను.

ఆదిలాబాద్‌లో మిత్రుడు ఖాలా ఇల్లు చూపించాడు. ఆమెకు డెబ్బై దాటాయి. బీరువా మీది ఆకుపచ్చ మూట దించి, "వజూ చేసుకొని ముట్టు బేటా" అంది. ముఖమూ కాళ్లూ చేతులూ కడుక్కొచ్చాను. "మామ పోయినంక ఎవ్వరం ఇప్పలే. దుమ్ము దులిపి మళ్ల పైననే పెట్టినం."

అంచులు చెదలు కొట్టినా సిరా నల్లగానే ఉంది. అది తర్కశాస్త్రం. నడుమ రెండు పంక్తుల మూలం, చుట్టూ వ్యాఖ్య, అంచుల్లో ఆ వ్యాఖ్య మీద మరొకరి వ్యాఖ్య. 'నువ్విలా అంటే, నేనిలా అంటాను' అని తరాల పండితులు వాదించుకుంటున్నారు. తెలుగులో చెబుతుంటే ఖాలా నవ్వింది.

"పంచాయితీ లెక్కనే ఉన్నది."

చివరి అంచులోది మామగారి రాతేనని గుర్తుపట్టింది. 'తెలియనిదాన్ని ఎలా వెతుకుతాం? తెలిస్తే వెతకడమెందుకు, అని నువ్వంటే, నేనంటాను...' ఆ తర్వాత ఖాళీ.

"అయితే గిది అల్లా మాట కాదా?"

"కాదు ఖాలా, మనుషుల మాటే."

ఆమె పుస్తకం మూసేసింది. నొప్పించానేమోనని భయపడ్డాను.

"మనుషుల మాటైతే జవాబు చెప్పెటోడు ఉండాలె. గోదారేం చెప్తది?" మూట కట్టి నా ఒళ్లో పెట్టింది. "అద్దాల బీరువాల మాత్రం పెట్టకు. ఇన్నేండ్లు మేం చేసింది గదే."

నిజానికి మా ఊరి లైబ్రరీలో ఒక అద్దాల బీరువాను అప్పటికే మనసులో ఖాయం చేసుకున్నాను. ఆ ఆలోచన అక్కడే వదిలేశాను.

మూడింటి బస్సులో తిరుగు ప్రయాణం. సోన్ వంతెన మీద వెనక ఎవరో బిళ్ల విసిరారు. నేను మూటను రెండు చేతులా పట్టుకున్నాను. వంతెన దాటాక చివరి పేజీ తెరిచి ఆ ప్రశ్న మళ్లీ చదివాను. పొద్దున మిత్రుడి అనుమానం ఒక్కటే పట్టుకొని బయల్దేరాను. వెతకడానికి ఆ కొంచెం తెలియడం సరిపోయింది.

జగిత్యాలలో బస్సు ఆగగానే, మామగారు వదిలిన ఖాళీలో రాద్దామని జేబులో పెన్సిల్ కోసం తడుముకున్నాను.