కదలని ఎర్రగుడ్డ

నా చిన్నప్పుడు మా పాలెంలో నా అంత వేగంగా పరిగెత్తే పిల్ల లేదు. పడవ ఒడ్డుకు తగిలిందంటే గంప తీసుకుని అందరికంటే ముందు చేరేదాన్ని నేనే. మగపిల్లలు కూడా నా వెనకే వచ్చేవారు. ఆ గర్వంతోనే పదకొండేళ్లదాన్నయ్యాను. అలాంటి నన్ను కాదని మా మేనత్త ఎర్రగుడ్డ తీసుకెళ్లి ఎదురింటి పిల్ల చేతికిచ్చింది. ఇన్నేళ్లు గడిచి, నాకు మనవరాలు పుట్టి, అది బడికి కూడా పోతున్నా, ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నా కడుపులో చిన్న మంట లేస్తుంది.

మా పాలెం సముద్రానికీ రోడ్డుకూ మధ్యలో ఉంటుంది. బడి రోడ్డుకు అవతల. మొదట్లో అది గతుకుల మట్టిదారి కాబట్టి లారీలు మనిషి నడిచినట్టే వచ్చేవి. తారు పోసిన తర్వాత వాటికి పట్టపగ్గాలు లేకుండా పోయాయి. జువ్వలదిన్నె రేవు వైపు ఐసు తీసుకుపోయేటప్పుడు ఐసు కరిగిపోతుందని తొందర, చేపలు నింపుకుని వచ్చేటప్పుడు చేపలు చెడిపోతాయని తొందర. ఆ ఏడు మా పక్కింటి అక్కను ఒక లారీ రాసుకుంటూ పోయింది. కాలు విరిగింది. గంపలోని చేపలు తారు మీద చెల్లాచెదురైతే, ఆమె నొప్పితో అరుస్తూనే వాటిని ఏరమని మాకు చేత్తో చూపించింది. అది నా కళ్లారా చూశాను.

పాలెం పెద్దలు ఆఫీసుల చుట్టూ తిరిగి అర్జీలు పెట్టారు. చూస్తామన్నారు గానీ ఎవరూ చూడలేదు. చివరికి నోరు తెరిచింది మా మేనత్తే. ఆమె నెత్తిన గంప పెట్టుకుని చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగి చేపలు అమ్మేది. ఆమె గొంతుకు పెద్దలు కూడా జంకేవారు. "వాళ్లు వచ్చిందాకా పిల్లకాయల్ని ఇంట్లో కట్టేసుకుందామా? మన కాడ మోకులు లేవా?" అన్నది. పెద్ద వల లాగి లాగి అరిగిపోయిన లావుపాటి తాళ్లు, మేం మోకులు అంటాం, ప్రతి ఇంటి వెనకా ఊరికే పడి ఉండేవి. మగవాళ్లు వాటిని మూడేసి కలిపి పురిపెట్టి, బడిదారికి అటూ ఇటూ రోడ్డుకు అడ్డంగా పరిచారు. చివర్లు సరుగుడు గుంజలకు బిగించి కట్టారు. చూసుకోకుండా వచ్చిన డ్రైవరు సీటు మీద నుంచి ఎగిరిపడాల్సిందే.

మోకు ఒక్కటే చాలదని, బడి వేళకు ఎవరైనా ఎర్రగుడ్డ పట్టుకుని నిలబడితే మేలని అనుకున్నారు. ఆ వేళకు పెద్దవాళ్లంతా వలల దగ్గరో చేపల అమ్మకంలోనో ఉంటారు. అందుకని బడిపిల్లల్లోనే కాస్త పెద్దదాన్ని ఒకదాన్ని ఎంచే పని మా మేనత్త మీద పడింది. అది నాకే వస్తుందని నాకు అనుమానమే లేదు. సొంత మేనకోడల్ని, పైగా పరుగులో నన్ను మించినవాళ్లు లేరు.

ఒక ఆదివారం మా మేనత్త ఐదుగురు ఆడపిల్లల్ని రోడ్డు పక్కన వరసగా నిలబెట్టింది. "నేనొచ్చిందాకా ఈడే ఉండండిమే" అని చెప్పి టీ కొట్టు వైపు వెళ్లింది. కాసేపటికి ఒడ్డున కేకలు వినిపించాయి. ఏదో పడవకు చేపలు బాగా పడినట్టున్నాయి. నా కాళ్లు ఊరుకోలేదు. ఒక్క పరుగున పోయి, చేపల్ని చూసి, మా మేనత్త రాకముందే తిరిగొచ్చి నా చోట్లో నిలబడ్డాను. మిగతా ముగ్గురూ నా వెనకే వెళ్లి ఇంకా రానేలేదు. ఎదురింటి పిల్ల మాత్రం ముక్కు మీద ఈగ వాలినా తోలుకోకుండా అక్కడే ఉంది. మేమంతా దాన్ని నత్త అని పిలిచేవాళ్లం. అన్నం తినడానికి కూడా దానికి ఒక పూట పట్టేది.

మా మేనత్త టీ కొట్టు చాటు నుంచి అంతా చూస్తూనే ఉందని నాకేం తెలుసు? వచ్చి, తన పాత చీరలోంచి చింపిన ఎర్రగుడ్డను నత్త భుజం మీద వేసింది. నేను ఉండబట్టలేక, "అత్తా, అందరికంటే ముందు ఉరికేది నేను గదా!" అన్నాను. "ఉరికేదానివే. ఈ పనికి ఉరికేవాళ్లు వద్దు" అన్నది. గుడ్డను రెండు చేతులతో ఎట్లా పట్టుకోవాలో దానికి నేర్పిస్తుంటే నేను ముఖం తిప్పుకున్నాను. ఆమె నేర్పింది నేను వినలేదు. వినకపోవడం ఎంత పని చేసిందో తర్వాత చెబుతాను.

ఆ రోజు నుంచి నాకు కంటి మీద కునుకు లేదు. బడిలో పంతులుగారు దాన్ని మెచ్చుకున్నారు. లారీ డ్రైవర్లు దానికి చెయ్యి ఊపి పోయేవారు. ఒకాయన బిస్కెట్ల పొట్లం ఇస్తే అది అందరికీ పంచింది. నాకిచ్చిన బిస్కెట్టును నేను కుక్కకు వేశాను. రోజూ అది గుడ్డ పట్టుకుని నిలబడితే దాని ముందు నుంచే నేను తలవంచుకుని రోడ్డు దాటాలి. దానికి జ్వరం రావాలని మొక్కుకున్నాను కూడా. దాని మీద నాకు వేరే పగేమీ లేదు. నాకు రావాల్సింది దానికి వచ్చిందన్న కుళ్లు, అంతే.

జ్వరం రాలేదు. ఇక నేనే తెగించాను. గుడ్డ మా మేనత్త ఇంటి పంచలో మేకుకు వేలాడేది. ఒకనాటి పొద్దున అందరికంటే ముందే పోయి దాన్ని తీసుకుని రోడ్డెక్కాను. నత్త వచ్చి నా వైపు చూసింది. "అత్త ఈ దినం నన్ను నిలబడమన్నది" అని అబద్ధమాడాను. "సరేమే" అని పక్కకు పోయి చిన్నపిల్లలతో కలిసి నిలబడింది. అంత తేలిగ్గా నమ్మేసినందుకు కూడా నాకు ఒళ్లు మండింది.

దూరంగా ఐసు లారీ కనిపించింది. నా గుండె ఉబ్బిపోయింది. అందరూ నన్ను చూడాలి. మా నాయన ఒడ్డున నిలబడి తలగుడ్డ తీసి తల పైన గిరగిరా తిప్పేవాడు. నీళ్లల్లో ఉన్న పడవకు దాని అర్థం, చేపల గుంపు ఇక్కడుంది, ఇటు రండి అని. పాలెం పిల్లలకు గుడ్డ చేతికొస్తే తెలిసిన సైగ అదొక్కటే. నేనూ అలాగే తిప్పాను, ఎగిరెగిరి తిప్పాను. లారీ ఆగకపోగా హారన్ కొట్టి ఇంకా ముందుకు దూకింది. గుడ్డ లేచిందంటే రోడ్డు దాటవచ్చని చిన్నపిల్లలకు అలవాటైపోయింది. అందరికంటే ముందు అడుగు వేసింది మా తమ్ముడు. ఐదేళ్లవాడు.

నేను పరిగెత్తలేదు. పాలెంలోకెల్లా వేగమైన నా కాళ్లు ఆ ఒక్కసారి లేవలేదు. నత్త మాత్రం చేతులు రెండూ చాపి పిల్లలకు అడ్డంగా నిలబడి, మా తమ్ముడి చొక్కా కాలరు పట్టుకుని ఆపింది. లారీ మోకు మీద ఎగిరిపడి, రెండు ఐసు గడ్డలు రాల్చి ముందుకు పోయింది. వాడి చేతిలోంచి జారిన పలక చక్రం కింద పడి పొడి పొడి అయింది. వాడు పలక కోసం ఏడ్చాడు. మిగిలిన పిల్లలు రోడ్డు మీది ఐసు ముక్కల్ని చూస్తూ ఉండిపోయారు.

ఆ రోజంతా పాలెం నత్తను నెత్తిన పెట్టుకుంది. మా అమ్మ దాని తల నిమిరి, ఇంట్లో ఉన్న ఒక్క కోడిగుడ్డూ దానికి ఉడకబెట్టి పెట్టింది. తమ్ముడు బతికాడన్న సంతోషం నాకు లేక కాదు. దానితో పాటే, ఆ గుడ్డు దానికెందుకు అన్న ఏడుపు కూడా ఉంది. రెండూ ఒకే కడుపులో ఎట్లా ఇమిడాయో నాకు ఇప్పటికీ తెలియదు.

మా మేనత్తకు నా అబద్ధం తెలిసిపోయింది. సాయంత్రం పొద్దు ఉండగానే నన్ను టీ కొట్టు దగ్గరికి తీసుకెళ్లింది. చేపలు నింపుకుని తిరిగొస్తూ పొద్దుటి లారీ అక్కడ ఆగి ఉంది. డ్రైవరు అరవం కలిపి మాట్లాడే ముసలాయన. నన్ను చూసి టీ గ్లాసు కింద పెట్టాడు. "పాపా, నువ్వు గుడ్డ తిప్పినావు, రా రా అని పిలుస్తావుండావనే వచ్చేసినాను సామీ" అన్నాడు. మా మేనత్త ఆయనతో ఏదో మాట్లాడి నన్ను ఆయన పక్క సీట్లో ఎక్కించింది. తను ఎర్రగుడ్డ తీసుకుని ముందుకు నడిచి రోడ్డు అంచున నిలబడింది.

లారీ మెల్లగా కదిలింది. మా మేనత్త గుడ్డను నాలాగే గిరగిరా తిప్పింది. అద్దంలోంచి చూస్తే ఆమె మమ్మల్ని పెళ్లికి పిలుస్తున్నట్టే ఉంది. దగ్గరికి పోవాలనే అనిపించింది. లారీ వెనక్కి వచ్చి మళ్లీ బయలుదేరింది. ఈసారి ఆమె గుడ్డను ఎదురుగా చాచి రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. కదల్లేదు. లారీ దగ్గరవుతున్న కొద్దీ ఆ మనిషి ఇక తప్పుకోదని నాకు అర్థమైంది. నా కాళ్ల కింద బ్రేకు లేకపోయినా నేను రెండు పాదాలతో నేలను గట్టిగా తొక్కాను. ముసలాయన అది చూసి నవ్వి లారీ ఆపాడు.

దిగిన తర్వాత మా మేనత్త గుడ్డ మడుస్తూ, "వాళ్లు ఆగేది గుడ్డను చూసి కాదుమే. నిలబడ్డ మనిషిని చూసి" అన్నది. మరునాడు ఆ గుడ్డ మళ్లీ నత్త చేతికే పోయింది. నాకు మోకు ముడులు ఊడితే బిగించే పని చెప్పింది. నేను అక్కడున్న ముడులన్నీ ఊడదీసి, ఆ కోపమంతా చూపించి మళ్లీ కట్టాను. అంత గట్టి ముడులు పాలెంలో ఎవరూ వెయ్యలేదని మా నాయన అన్నాడు.

ఇప్పుడు ఆ రోడ్డు రెండింతలైంది. లారీల కంటే మా కుర్రాళ్ల బైకులే ఎక్కువ భయపెడుతున్నాయి. పాలెం ఆడవాళ్లు, కుర్రాళ్లు కలిసి పోరాడి స్పీడ్ బ్రేకర్లు వేయించారు, వాటికి తెల్లరంగు పూశారు. బడి దగ్గర మెల్లగా పొమ్మని బోర్డు పెట్టారు. అయినా బడి వేళకు ఇద్దరు మనుషులు నిలబడుతూనే ఉన్నారు. ఒక పక్క నత్త. అది మా పాలెంలోనే పెళ్లి చేసుకుని ఇక్కడే ఉండిపోయింది. రెండో పక్క నిలబడే ఆమెకు మోకాళ్ల నొప్పులు వస్తే, పోయిన ఏడు నేనే వెళ్లి ఆ చోటు అడిగాను. మా మేనత్త బతికి ఉంటే నవ్వేదే. నత్త గుడ్డ నా చేతిలో పెడుతూ, "రెండు చేతులతో పట్టుకోవాలమే" అన్నది. నాకు తెలియదన్నట్టు!

రోజూ పొద్దున నా మనవరాలు మా ఇద్దరి మధ్య నుంచే రోడ్డు దాటుతుంది. నత్త వైపు వచ్చే బండ్లు నా వైపు వాటికంటే ముందే ఆగుతాయి. అది నేను చూడకుండా ఉండలేను. చూసినప్పుడల్లా ఏడుపు రాకుండానూ ఉండదు. గుడ్డ పైకెత్తి తిప్పాలని చేతులు ఎంత లాగినా, నా మనవరాలు అవతలి అంచు ఎక్కేదాకా మాత్రం వాటిని కదలనివ్వను.