పెళ్ళి దాటేసిన కోడలు

నా పేరు సూరమ్మ, వయసు డెబ్భై నాలుగు. కొత్తపేటలో కొడుకు, కోడలు, మనవరాలితో ఉంటున్నాను. నాకు చదువు రాదు, చెబుతుంటే మనవరాలు రాస్తోంది.

రోజూ సాయంత్రం కోడలు నాకు నవల చదివి వినిపిస్తుంది. ఆపినచోట నేనే కొబ్బరి ఈనె పెట్టేదాన్ని. మర్నాడు పేజీలు దాటేస్తే ఇట్టే పట్టుకునేదాన్ని. ఈ నెల నుంచి ఆవిడ పుస్తకం మానేసి, పలకలాంటి మిషన్‌లో చదువుతోంది.

నిన్న కథలో పిల్ల పెళ్ళికి ఒప్పుకోనని రేవులో కూర్చుని ఏడ్చింది. ఇవాళ చూస్తే చంకలో బిడ్డ!

“పెళ్ళేదే?” అన్నాను.

“నిన్న చదివేనండి అత్తయ్యగారూ. మీరు నిద్రపోయేరు.”

“పిల్ల అంతలా ఏడుస్తుంటే నాకు నిద్రెలా పడుతుందే? ఇందులో ఈనె ఎక్కడ పెట్టను?”

“ఆపిన చోటు అదే గుర్తుపెట్టుకుంటుందండి.”

“అది నీ మనిషి! నీకే చెబుతుంది.”

పుస్తకం ఉన్నప్పుడు, చదువు రాకపోయినా నన్ను మోసం చెయ్యడం కుదిరేది కాదు. మీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళకి చదివి వినిపించేవాళ్ళు నిజం చెప్పండి, మీరూ ఇలాగే దాటేస్తున్నారా? ఆ పిల్ల పెళ్ళికి ఎలా ఒప్పుకుందో నాకు తెలిసి తీరాలి.

సూరమ్మ వేలిముద్ర.
సాక్షులు: పక్కింటి సత్యవతి (రోజూ నాతో కూర్చుని వింటుంది, తనూ పెళ్ళి వినలేదట), రాసిన మనవరాలు లావణ్య. కోడల్నీ సంతకం పెట్టమంటే వంటింట్లోకి వెళ్ళిపోయింది.