మామగారి నీటిరంగుల కుండలు

మా మామగారు పోయారు. పన్నెండు రోజుల కిందట, తెల్లవారాక మజ్జిగ అడిగి, నేను తెచ్చేలోగా కళ్లు మూశారు. వంటింటి గడప దాటినప్పుడల్లా నాకు దుఃఖం ఆగడం లేదు. ఆయన కూర్చునే చోటు అదే.

రాజోలు వైపు కాలవలు తవ్వించిన దొర దగ్గర ఆయన పటాలు గీసేవారు. ఆ పని అయ్యాక, మిగిలిన కాగితాలూ నీటిరంగులూ తెచ్చుకుని మా వంటింటి కుండలు గీయడం మొదలుపెట్టారు. ఉట్టి మీది పెరుగుచట్టి, అన్నం వార్చే కుండ, అంచు విరిగిన ఉప్పుకుండ. నలుపు కావాలంటే ఆ కుండ అడుగునున్న మసినే గీకి కలుపుకునేవారు. నాకు ఒళ్లు మండేది. ఎసరు పెట్టే వేళకి కుండ కదపనివ్వకపోతే వంట ఎలా అవుతుంది?

"దేవుళ్ల బొమ్మలు గీయచ్చు కదండీ మావయ్యగారూ!" అని ఓసారి విసుక్కున్నాను.

"దేవుడు ఎక్కడికీ పోడు కదమ్మా. ఇవి పోతాయి" అన్నారు.

నాకు అక్షరాలు దిద్దించిందీ, సరదాకి కుంచె పట్టించిందీ ఆయనే.

ఇంట్లో మనిషి పోతే పదకొండో నాడు మట్టికుండలన్నీ బయట పారేయాలి. ఆరేళ్ల కిందట మా అత్తగారు పోయినప్పుడు, ఆ పది రోజులూ ఆయన ఆవిడ వాడిన కుండలే గీశారు. పెరుగుచట్టి ఒక్కటీ గీయకుండా మిగిలింది. నాకేమో ఆచారమంటే మహా పట్టింపు. ఆయనను అడగనైనా అడగకుండా, పొద్దున్నే అన్నీ మోసుకెళ్లి కాలవగట్టున పగలగొట్టి వచ్చాను. తెలిసి ఆయన పరుగున వెళ్లారు. ఆ పెంకుల ముందు చాలాసేపు గొంతుక్కూర్చున్నారట. తిరిగొచ్చి, ఏడుస్తున్న నన్ను చూసి, "పోన్లే అమ్మా. మీ అత్తగారుంటే కొత్తది తెమ్మనేది" అన్నారు. మళ్లీ ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు. నాలుగు తిట్టి ఉంటే నాకు కాస్త తేలికయ్యేది.

మొన్న ఆయన పదకొండో రోజు. కుండలన్నీ వాకిట్లో పెట్టాను. ఆయన నీళ్లు తాగే కూజా మాత్రం ముందు పెట్టుకుని, ఆయన కుంచెతోనే గీయడానికి కూర్చున్నాను. కూజా మెడ వంకరగా వచ్చింది.

వీధిలోంచి పురోహితుడుగారు కేకేశారు. "అందరూ వచ్చేరమ్మా. పొద్దెక్కిపోతోంది. ఇంకా అవ్వలేదా?"

"ఆయ్, అయిపోవచ్చిందండీ" అన్నాను.

బొమ్మ ఎప్పుడో అయిపోయింది. కూజా అడుగున ఆయన తాగగా మిగిలిన నీళ్లున్నాయి. చెయ్యి ఆనిస్తే ఇంకా చల్లగానే ఉంది.